మాచర్లలో మూడు చుక్కలు

మాచర్ల వెళ్ళొచ్చానని చెబితే మా ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే, సాగర్ చూశావా అని. చూడలేదు. డ్యాముకి అంత దగ్గరగా పోయి, రెండు రాత్రులుండి, ఆ నీళ్ళ వంకైనా చూడకుండా తిరిగొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. నేను వెళ్ళింది మా అక్కను చూడటానికి. మా అక్క మాచర్లలో ఉండదు, ఇజ్రాయెల్‌లో ఉంటుంది. మాచర్లలో ఒక తెర మీద కనిపిస్తుందంటే వెళ్ళాను.

ముందు మా సంగతి చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మేము యూదులం. తెలుగు యూదులం. నమ్మకపోతే మీ తప్పు కాదు, మా మండలాఫీసులోనే సగం మంది నమ్మరు. గుంటూరుకు తూర్పున, కాలవల వైపు మా ఊరు. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కుటుంబాలు. మా తాతలు చెప్పులు కుట్టారు, పరాయి పొలాల్లో కూలి చేశారు, శుక్రవారం పొద్దుగూకే వేళకు కాళ్ళూ చేతులూ కడుక్కుని దీపం పెట్టారు. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గొప్పగానే ఉంటుంది.

నా పేరు ఏలియా. మా ఊరి సెంటర్లో నాది టైలరింగ్ షాపు. శుక్రవారం సాయంత్రం దించిన షట్టరు మళ్ళీ శనివారం చుక్కలు పొడిచాకే ఎత్తుతాను. ఈ మధ్యలో నిప్పు వెలిగించను, స్విచ్చి వెయ్యను, బండెక్కను, డబ్బు ముట్టను, సూది పట్టను. టీవీ ముందు, తెర ముందు కూచోను. మా నాన్న పెట్టిన పద్ధతి. పెళ్ళిళ్ళ సీజన్లో శనివారం జాకెట్ల కోసం వచ్చి షట్టరు చూసి వెళ్ళినవాళ్ళు నన్ను ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు.

చుక్కలంటే మూడు చుక్కలు. ఆకాశంలో మూడు కనిపిస్తేనే శనివారం అయిపోయినట్టు. చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టే పని మా అక్కదీ నాదీ. నాకేమో ఆడుకోవాలని తొందర. రెండు కనబడగానే మూడని కేకేసేవాణ్ణి. అక్క నమ్మేది కాదు. "ఏదీ, చూపించు" అని నా చెవి పట్టుకుని మళ్ళీ లెక్కపెట్టించేది.

అక్క పేరు రిబ్కా. ఏళ్ళ తరబడి కాగితాల కోసం తిరిగి తిరిగి, బావనూ పిల్లలనూ తీసుకుని ఎనిమిదేళ్ళ క్రితం వెళ్ళిపోయింది. నన్నూ రమ్మంది. నా కాగితాలు రాలేదని ఊళ్ళో చెబుతుంటాను గానీ నిజానికి నేను పెట్టనేలేదు. మా ప్రార్థనాలయం తాళంచెవి మా నాన్న నా చేతిలో పెట్టి పోయాడు. అందరం పోతే అది ఎవరికివ్వాలి? ఆ రోజు విజయవాడ స్టేషన్లో అక్క ఒక మాట అంది. "మేమందరం ఉన్నాం కాబట్టి నీకు శనివారం శనివారంలా ఉంది. మేం పోయాక చూడు, ఏడాది తిరక్కుండా నీకు శనివారమూ ఒకటే, మంగళవారమూ ఒకటే."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ఈ ఎనిమిదేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు. నాలుగేళ్ళ క్రితం మా ఆవిడ పోయింది. అప్పట్నించీ దీపం కూడా నేనే పెడుతున్నాను. ఈ శనివారాల సంగతేదీ అక్కకు చెప్పలేదు. ఆమె అడగలేదు. ఫోన్లో పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, అక్కడ సైరన్లు మోగిన రోజుల్లో ప్రాణభయాలు, అన్నీ మాట్లాడుకుంటాం. ఈ ఒక్క సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

రెండేళ్ళ క్రితం సువార్త అనే అమ్మాయి కెమెరా పట్టుకుని మా ఊరొచ్చింది. ఈపూరు పిల్ల, క్రైస్తవుల అమ్మాయి. ఈ దేశం వదిలి వెళ్ళిన యూదుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నానంది. కొచ్చి వాళ్ళు, ఈశాన్యంలో కొండల మీది వాళ్ళు, చివర్లో మేము. తర్వాత ఇజ్రాయెల్ కూడా వెళ్ళి అక్కతో మాట్లాడి వచ్చింది. "మీ గురించి కూడా చెప్పింది బాబాయ్" అంది నాతో. ఏం చెప్పిందని అడిగితే తెర మీద చూడమంది. ఫోన్‌కి పంపమంటే ఫెస్టివల్స్ అయ్యేదాకా పంపకూడదట. ఈ మార్చిలో ఫోన్ చేసి, మాచర్లలో ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది, శుక్ర శని ఆది మూడు రోజులు, నువ్వు ముఖ్య అతిథివి అని చెప్పింది. మన సినిమా ఏ రోజని నేను అడగలేదు. యూదుల సినిమా శనివారం వేస్తారని నాకెందుకు తోస్తుంది?

నరసరావుపేట

సువార్త వాళ్ళమ్మ మార్తమ్మగారు నరసరావుపేటలో టీచరు. కూతురు హైదరాబాదులో ఉన్నా, దారిలో తన ఇంట్లో ఒక రాత్రి ఆగి తీరాలని పట్టుబట్టింది. గురువారం మధ్యాహ్నానికి వెళ్ళాను. గుమ్మంలోనే కోడికూర వాసన.

కాళ్ళు కడుక్కుంటూనే చెప్పాను, మా వాళ్ళు కోసింది తప్ప బయట మాంసం ముట్టనని. ఆవిడ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"లేవీయకాండం ఎన్నిసార్లు చదివుంటాను అన్నయ్యా. కోడిని కోయించేటప్పుడు నాకది తట్టలేదు చూడు" అంది. నన్ను చూసి కాదు, తన్ను చూసుకుని నవ్వింది. అరగంటలో జొన్నరొట్టె, గోంగూర పప్పు, ఎర్రటి పచ్చడి వచ్చాయి. కోడికూర గిన్నె పక్కింటికి పోయింది.

మా వైపు కారం నాలిక మీద ఆగుతుంది. పల్నాటి కారం చెవుల దాకా వెళ్తుంది. రెండో ముద్దకే కళ్ళు తుడుచుకున్నాను. మార్తమ్మగారు పెరుగు గిన్నె నా ముందుకు జరిపి, "ఇది పిల్లలకు చేసే కారం అన్నయ్యా" అంది. మా డెల్టా వాళ్ళం అన్నం తిని పెరిగాం, అన్నంలాగే మెత్తగా ఉంటాం. ఇక్కడ రొట్టె తిన్నవాళ్ళ మాటకూ నడకకూ కొంచెం గట్టితనం ఉంది. బజార్లో దోసె నలభై రూపాయలు, మా ఊళ్ళోకన్నా అయిదు ఎక్కువ. చట్నీ మాత్రం అడిగినన్నిసార్లు వేస్తారు.

నడికుడి

శుక్రవారం మధ్యాహ్నం బస్సులో నడికుడి చేరి మాచర్ల రైలెక్కాను. రైలు కదలదు. ఎదురు బండి రావాలంటారు, సిగ్నల్ అంటారు, ఎవరి మాట వాళ్ళది. నాలుగున్నర అయింది. కిటికీలోంచి సూర్యుణ్ణి, చేతి గడియారాన్ని మార్చి మార్చి చూస్తున్నాను. పొద్దు గూకేలోపు మాచర్ల చేరకపోతే బండిలో ఉండకూడదు.

ఎదురు సీట్లో మిరపకోతలకు పోయొస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దామె నన్ను చూసీ చూసీ అడిగింది. "ఏందయ్యా, ఇందాకట్నించి ఆ సూర్యుడు నీకేదో బాకీ ఉన్నట్టు చూస్తన్నావు?"

చెప్పాను. అంతా విని, పక్కనున్న ఆమెతో, "విన్నావటే. మా ఆయన తాగనని పొద్దున్నే ఒట్టేస్తాడు, పొద్దుగూకేసరికి మర్చిపోతాడు. ఈయన ఎనిమిదేళ్ళ నించి మర్చిపోలేదంట" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అందకపోతే గురజాలలో దిగు. స్టేషన్ పక్కనే మా చెల్లెలి ఇల్లు. నా పేరు చెప్పి రేపు చుక్కలు పొడిచేదాకా కూచో. జొన్నన్నం పెడుద్ది, మాంసం పెట్టదులే" అని కొంగు ముడి విప్పి గుప్పెడు వేరుసెనగలు నా చేతిలో పోసింది. నా పేరు కూడా అడగలేదు. తన పేరు చెప్పడం కూడా మర్చిపోయింది. ఎవరి పేరు చెప్పుకుని ఆ ఇంటి గడప ఎక్కేవాణ్ణో నాకిప్పటికీ తెలియదు.

చివరికి రైలు కదిలింది. గురజాలలో ఆగినప్పుడు సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. సూర్యుడు ఇంకా రెండు బారల ఎత్తున ఉన్నాడు. పెద్దామె దిగుతూ ఆకాశం వంక చూసి, "అందుద్దిలే, పో" అంది. ఆమె మాట మీదే లోపలికి వచ్చి కూచున్నాను.

మాచర్ల, శుక్రవారం సాయంత్రం

స్టేషన్ నుంచి లాడ్జికి దాదాపు పరుగెత్తాను. రెండు రాత్రులకు పన్నెండు వందలు ముందే కట్టేశాను. పక్కనున్న మెస్సులో శనివారం భోజనాలకు కూడా ముందే ఇచ్చేశాను. మెస్సామె నోట్లను అటూ ఇటూ తిప్పి చూసింది. "తినకముందే ఇచ్చేవోళ్ళను నిన్నే చూశా" అంది.

గదిలో రెండు కొవ్వొత్తులు తీయగానే లాడ్జి మేనేజరు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. పలచటి మనిషి, మెడలో కండువా.

"కరెంటు ఉందిగా సార్."

"ఇది వెలుతురు కోసం కాదండీ."

"దోమల కోసమా?"

"దేవుడి కోసం."

 "దేవుడికైతే సరే గానీ, కర్టెన్లు నిరుడే మార్చాం సార్" అంటూ వెళ్ళి ఒక స్టీలు పళ్ళెం, దాన్నిండా ఇసుక తెచ్చి పెట్టాడు. కొవ్వొత్తులు ఇసుకలో గుచ్చి వెలిగించాను. ఫ్యాను అప్పటికే వేసి ఉంది, లైటు వేసి లేదు. అవి రేపటిదాకా అట్లాగే ఉంటాయి. నేను ప్రార్థన చదువుతున్నంతసేపూ ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. అది భక్తో, కర్టెన్ల మీద బెంగో నాకు తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

ఫ్లెక్సీ

శనివారం జేబులో రూపాయి లేకుండా, చేతిలో ఫోన్ లేకుండా మాచర్ల వీధుల్లో తిరిగాను. టీకొట్టతను పిలిచి టీ ఇవ్వబోయాడు. డబ్బు లేదన్నాను. రేపిమ్మన్నాడు. శనివారం అప్పు కూడా పెట్టనన్నాను. "అయితే ఊరికే తాగు పెద్దాయనా, నీతో మాట్లాడితే టీ చల్లారిపోయేట్టుంది" అని గ్లాసు చేతిలో పెట్టాడు.

రెండు గంటలకు ఫెస్టివల్ జరిగే ఫంక్షన్ హాలుకు నడిచి వెళ్ళాను. గేటు దగ్గర ఫ్లెక్సీ ఉంది. దాని మీద నేను ఉన్నాను. నా మొహం మా షాపు షట్టరంత ఉంది. కింద పెద్ద అక్షరాల్లో, "ఇజ్రాయెల్ నుండి విచ్చేయుచున్న శ్రీ ఏలియా గారిచే జ్యోతి ప్రజ్వలన. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు."

గేటు దగ్గర నలుగురు ఆడవాళ్ళు నన్నూ ఫ్లెక్సీనీ పోల్చుకున్నారు. ఒకామె దగ్గరకొచ్చి చేతులు జోడించింది. "చానా దూరం నించి వచ్చారు" అంది.

"లేదమ్మా, గుంటూరు అవతలి నుంచి."

ఆమె మొహం చిన్నబోయింది. అంతలోనే తేరుకుని, "అయినా తెలుగు చానా బాగా మాట్లాడుతున్నారు" అంది. నాకు నవ్వాగలేదు. ఇక్కడే పుట్టాను తల్లీ, మా తాత కూడా ఇక్కడే పుట్టాడు అని చెప్పాను.

నవ్వు అక్కడితో సరి. లోపల సుబ్బయ్యగారు ఎదురొచ్చారు. మాచర్లలో పేరున్న మిర్చి వ్యాపారి. సినిమా పిచ్చి. ఈ ఫెస్టివల్ అంతా ఆయన సొంత పట్టుదల మీద నడుస్తోంది. నా రెండు చేతులూ పట్టుకుని వేదిక దగ్గరకు తీసుకెళ్ళారు. నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మె, తళతళా తోమించి, పూలదండ చుట్టించి ఉంది.

"మీకు శనివారం పవిత్రమైన రోజంట గదా. సువార్త ఎప్పుడో ఒక మాటంది. మేం కూడా వెంకటేశ్వరస్వామికి శనివారమే దీపం పెడతాం. అందుకే మీ సినిమాను ఏరికోరి శనివారం వేయిస్తన్నా. మీ రోజున, మీ చేత్తో దీపం. ఎట్టా ఉంది?" అన్నారు.

 మనిషి నాకు చేయగలిగిన గౌరవమంతా ఒకచోట పోగేసి చేశాడు. ఆ గౌరవమే నేను పుచ్చుకోలేనిది. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. శనివారం మేము నిప్పు వెలిగించమనీ, తెర ముందు కూచోమనీ, చుక్కలు పొడిచాకే ఏదైనా అనీ.

సుబ్బయ్యగారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. అప్పుడే బస్సు దిగి వచ్చిన సువార్త ఫ్లెక్సీ చూసి తలపట్టుకుంది. సినిమా ఏడింటికి అనుకుందట. ఆరింటికి హాలు పెళ్ళివాళ్ళకు అప్పజెప్పాలి కాబట్టి సుబ్బయ్యగారు నిన్ననే నాలుగుకు మార్చారు. ఆదివారం మరో ఊళ్ళో ప్రదర్శన ఉంది, పొద్దున్నే ఆమె పోవాలి. ఈ ఊళ్ళో ఈ సినిమాకు ఇదొక్కటే ఆట.

కమిటీలో ఒకాయన గొంతు తగ్గించి, "ఒక్క అగ్గిపుల్లే గదా మేష్టారూ. ఇక్కడ మీవాళ్ళెవరున్నారు చూట్టానికి?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన చెడ్డగా ఏమీ అనలేదు, అయినా వచ్చింది. "ఎనిమిదేళ్ళ నించి ఎవరూ చూడకుండానే చేస్తున్నానండీ" అన్నాను. తర్వాత సుబ్బయ్యగారితో, "మీరు నాలుగింటికే వేసుకోండి. ఊరంతా వస్తోంది, నా కోసం ఆపొద్దు. నేను లాడ్జిలో కూచుంటాను" అని మెట్లు దిగాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ గేటు వైపు నడుస్తుంటే లెక్క తెలిసొచ్చింది. అక్క నా గురించి ఏమందో తెలుసుకోవాలని రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను, తెలుసుకోకుండానే వెళ్ళిపోతున్నాను. ఆమె అన్న మాటను తప్పని నిరూపించడానికి ఆమె మాట వినకుండా పోవాల్సి వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఫ్లెక్సీ దగ్గరకొచ్చేసరికి వెనక నుంచి కేక.

"ఓ ఏలియాగారూ, ఆగండి. మీ అక్కను చూట్టానికి వచ్చి మీరేమో లాడ్జిలో, మేమేమో హాల్లోనా? ఇంటికి పిలిచి ముందర ఇస్తరాకు తీసేసినట్టుగా ఉంటది. మాచర్లలో అట్టాంటి పని జరగదు." సుబ్బయ్యగారు పంచె ఎగ్గట్టి వస్తున్నారు. "హాలు పోతే పోయింది. నా గోడౌను ఉంది. చుక్కలు పొడిచాకే వేస్తాం."

"నా కోసం ఈ రోజు ఎవరూ పని చెయ్యకూడదండీ. అది మా పద్ధతి కాదు."

"మీ కోసం ఎవరు చేస్తన్నారు? మా ఊరి ఫెస్టివల్, మా గోడౌను. మీరు పోయి కూచోండి."

మిర్చి గోడౌను

గోడౌను అక్కడికి నడిచి పోయేంత దూరమే. మార్చి నెల, మిరపకాయల అదను. బస్తాలు కప్పును తాకుతున్నాయి. హమాలీలు వాటిని ఒక పక్కకు సర్ది మధ్యలో చోటు చేస్తున్నారు. బస్తా కదిలినప్పుడల్లా ఘాటు లేస్తుంది, యాభై మంది ఒకేసారి తుమ్ముతారు. హాలు దగ్గరకు వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఇటు మళ్ళిస్తున్నారు. ఎవరూ విసుక్కోలేదు. చుక్కల కోసం సినిమా ఆపారని తెలిసి, చూసే పని లేనివాళ్ళు కూడా వచ్చారు.

తెర హాలువాళ్ళది, అది రాలేదు. సుబ్బయ్యగారు తెల్లగుడ్డ తాను తెప్పించారు. పన్నా చాలక రెండు ముక్కలు కలిపి కుట్టాలి. గుమస్తా ఒకాయన దబ్బనం తీసుకుని, బస్తాలు కుట్టే పురికొసతో మొదలుపెట్టాడు.

ముప్పై ఏళ్ళ టైలర్ని. నా కళ్ళెదురుగా, జానకో కుట్టు, ఒకటి అటూ ఒకటి ఇటూ, వంకర టింకరగా పోతోంది. చెయ్యి పెట్టకూడదు. ఎట్లా కుట్టాలో చెప్పినా పని చేయించినట్టే. ఆ గుమస్తా మధ్యలో తలెత్తి, "బాగుందా సార్? మీరూ టైలరంట గదా" అన్నాడు. పళ్ళు బిగించి తల ఊపాను. ఎనిమిదేళ్ళలో నేను పాటించిన శనివారాలన్నీ ఒక ఎత్తు, ఆ అరగంట ఒక ఎత్తు.

పొద్దు గూకింది. జనం గోడౌను ముందు ఆవరణలోకి వచ్చారు. రెండు వందల మందికి తక్కువ లేరు. అందరి తలలూ పైకి. మొదటిది పడమట అందరికీ కనిపించింది. రెండోదని ఎవరో చూపిస్తే, "అది సెల్ టవరు లైటురా" అని మరొకరు కొట్టిపారేశారు. ఇంకొకటి కదిలిపోయింది, అది విమానం. పొద్దున నాకు టీ ఇచ్చినతను సరిగ్గా నెత్తి మీద ఒకటి పట్టాడు. అదీ చుక్కేనని పది మంది సాక్ష్యం చెప్పారు.

మూడోది రాదు. నాకు ఒకటి లీలగా కనిపించినట్టే ఉంది, కనిపించనట్టూ ఉంది. అంతమంది నా నోటి వంక చూస్తున్నారు. అవునంటే సరిపోయేది. మా అక్క చెవి పట్టుకున్నట్టనిపించి నోరెత్తలేదు.

"సార్, అదిగో. వేపచెట్టు కొమ్మకు ఎడమపక్క." లాడ్జి మేనేజరు. కర్టెన్లు వదిలేసి ఎప్పుడొచ్చాడో. ఆయన వేలు చూపిన చోట చిన్నగా, స్పష్టంగా ఉంది. అందరూ చూశారు. నేనూ చూశాను.

శనివారాన్ని సాగనంపేటప్పుడు మేము జడలా అల్లిన కొవ్వొత్తి ఒకటి వెలిగిస్తాం, సుగంధ ద్రవ్యం వాసన చూస్తాం. కొవ్వొత్తి సంచీలో ఉంది. లవంగాల పొట్లం మాత్రం లాడ్జిలో మర్చిపోయి వచ్చాను. సుబ్బయ్యగారు విని, లోపల్నుంచి దోసెడు లవంగాలు తెచ్చి, "నా దగ్గర ఘాటుకు కరువా?" అన్నారు. కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చెప్పాను. లవంగాలు ఒక చేతి నుంచి ఒక చేతికి వెళ్ళాయి. హమాలీలు, టీచర్లు, గేటు దగ్గరి ఆమె, అందరూ వాసన చూసి పక్కవాళ్ళకిచ్చారు. మా ప్రార్థనాలయంలో పది మంది కూడితే పండగ మాకు. ఆ రోజు నా చుట్టూ మాచర్ల నిలబడింది. నాకు ఛాతీ పొంగింది, దాచుకోను. ఆ కొవ్వొత్తి మంటతోనే ఇత్తడి సెమ్మెలో వత్తులు వెలిగించాను.

సినిమా మొదలైంది. కొచ్చిలో ఖాళీ అయిన వీధులు, కొండల మీద పెట్టెలు సర్దుకుంటున్న కుటుంబాలు. చివర్లో మా ఊరు, మా కాలవ గట్టు, మూసి ఉన్న నా షట్టరు. ఆ తర్వాత మా అక్క. జుట్టు నెరిసింది. తెర మీది వంకర కుట్టు సరిగ్గా ఆమె నుదుటి మీదుగా పోయింది. అక్క వంటింట్లో రెండు కొవ్వొత్తుల ముందు నిలబడి మాట్లాడుతోంది. మాటలో గుంటూరు యాస ఇంచు కూడా తగ్గలేదు.

"ఇక్కడ పొద్దుగూకేసరికి మా ఊళ్ళో రాత్రి తొమ్మిది దాటుద్ది. మా తమ్ముడు దీపం పెట్టి మూడు గంటలై ఉంటది. వాడు పెట్టాకే నేను పెడతా. మా ఇంటి దీపం ముందు అక్కడ వెలుగుద్ది, తర్వాతే ఇక్కడ."

సువార్త గొంతు వెనక నుంచి అడిగింది. "ఆయన పెట్టాడని మీకెట్టా తెలుసు? ఫోన్ చేసి అడుగుతారా?"

"అడగను."

"ఒకవేళ మానేసి ఉంటే?"

అక్క అగ్గిపుల్ల గీసింది. కొవ్వొత్తి వైపు వంగి, "మానడు" అంది.

గోడౌనులో అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరికి ఎందుకో చెప్పలేను, మిరపకాయల మధ్య కూచున్నాం మరి. నా సంగతి మాత్రం నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం నాలుగు గంటలకు అగ్గిపుల్ల గీసి హాల్లో కుర్చీలో కూచుని ఉంటే, ఆ ఒక్క మాట వినడానికి నాకు మొహం ఉండేది కాదు.

లైట్లు వేశాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "ఇప్పుడే ఫోన్ కొట్టండి మీ అక్కకు, మేం కూడా మాట్లాడతాం" అన్నారు. ఇప్పుడు ఎత్తదన్నాను. ఆమెకు ఇంకా శనివారం అయిపోలేదు.

తిరుగుదారి

ఆదివారం పొద్దున సుబ్బయ్యగారు స్టేషన్‌కు వచ్చి మూడు కిలోల ఎండుమిర్చి సంచీలో కుక్కారు. మోయలేనన్నా వినలేదు. రైలు నడికుడిలో మళ్ళీ ఆగింది. ఈసారి నాకు తొందరేమీ లేదు. అక్కకు ఫోన్ చేసి, నిన్న సినిమా చూశానని చెప్పాను.

"ఎట్టా ఉన్నాన్రా తెర మీద? లావుగా కనపడ్డానా?"

"నుదుటి మీద ఒక కుట్టు పడింది."

"ఏం కుట్టు?"

"తర్వాత చెప్తాలే."

 "అవునూ, నిన్న శనివారం గదా. నువ్వెట్టా చూశావు?"

"చుక్కలు పొడిచాక చూశాను."

  ఆ పాత గొంతు వినిపించింది, నా చెవి పట్టుకునే గొంతు.

"మూడూ పొడిచాయా? సరిగ్గా లెక్కపెట్టావా?"

"నేను లెక్కపెట్టలేదక్కా. మాచర్ల లెక్కపెట్టింది."